ఓర్పు అయిపోయింది, ప్రార్థన రావడం లేదు. మీరెలా నిలబడ్డారు?

కుట్టుమిషన్_తిరుపతి
2025 జూలై 7, సోమవారం, రాత్రి 11:40

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. పోయినేడాది మే నుంచి డయాలసిస్. సోమ, బుధ, శుక్ర. వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. ఈరోజు కూడా వెళ్ళొచ్చాం. ఆయన ఆటో నడిపేవారు, ఇప్పుడు ఆటో అమ్మేశాం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. పాప ఇంటర్, బాబు ఏడో తరగతి. డయాలసిస్ కార్డు మీద జరిగిపోతోంది, దేవునికి స్తోత్రం. కానీ మందులకు, రానుపోను చార్జీలకు, ఇంటి అద్దెకు కుట్టుపని చాలడం లేదు.

ఇదంతా మోయగలిగాను. మొన్న ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటే ఒకాయన అందరి ముందూ అన్నారు: "పద్నాలుగు నెలలైంది సిస్టర్, ఇంకా స్వస్థత రాలేదంటే మీ ఇంట్లో ఎక్కడో విశ్వాసం తగ్గింది." నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన తల దించుకున్నారు. ఆ రోజు నుంచి మోకరిస్తే మాట రావడం లేదు. గోడ చూస్తూ కూర్చుంటాను, కాళ్ళు తిమ్మిరెక్కాక లేస్తాను.

ఇంకొకటి చెప్పాలి. ఆయనకు డాక్టరు చెప్పింది రోజు మొత్తానికి లీటరు నీళ్ళు. మజ్జిగైనా, కాఫీ అయినా, చారైనా అందులోనే. నిన్న మధ్యాహ్నం ఎండకి నాలుక పిడచకట్టి ఇంకో అర గ్లాసు అడిగారు. నేను గట్టిగా అరిచాను. "మీకు చెప్పీ చెప్పీ నా ప్రాణం పోతోంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టేసి అటు తిరిగి పడుకున్నారు.

ఓర్పు గురించి ఇరవై ఏళ్ళుగా వాక్యం వింటున్నాను. నా దగ్గర అది లేదు. కష్టకాలం దాటినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఓర్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి.

---

కొర్లగుంట_వదిన
జూలై 7, రాత్రి 11:58

అమ్మా, ఇప్పుడు పడుకోండి. ముందు నిద్ర. రేపు మాట్లాడుకుందాం. మీ ఆయన పేరు చెప్పక్కర్లేదు, ఈ రాత్రి నా ప్రార్థనలో ఉంటారు.

---

సాక్షి_పుత్తూరు
జూలై 8, మంగళవారం, ఉదయం 5:20

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మా అమ్మగారికి డాక్టర్లు ఆశ లేదన్నారు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశాం, లేచి కూర్చుంది. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. కాబట్టి చెబుతున్నాను, దేవునికి అసాధ్యమైనది లేదు. మీరు మనుషుల మీద, మిషన్ల మీద ఆధారపడడం ఎప్పుడు మానేస్తారో అప్పుడు ఆయన కార్యం చూస్తారు. ఒక తీర్మానం చేసుకోండి. కొన్నాళ్ళు ఆసుపత్రి పక్కన పెట్టి సంపూర్ణంగా ఆయన మీద ఆనుకోండి. ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో కూడా పరీక్షించుకోండి.

---

నైట్‌డ్యూటీ_నర్సు
జూలై 8, ఉదయం 7:45

డ్యూటీ దిగి బస్సులో ఉన్నాను. ఇల్లు చేరాక రాద్దామనుకున్నాను కానీ పైన ఉన్నది చదివాక ఆగలేను.

అక్కా, డయాలసిస్ ఒక్క రోజు కూడా మానొద్దు. దయచేసి. నేను చిత్తూరు నుంచి వేలూరుకు రోజూ తిరిగే నర్సును, కొన్నేళ్ళు డయాలసిస్ యూనిట్‌లోనే పనిచేశాను. సెషన్ తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళితే పడుకోలేరు, ఆయాసం. రక్తంలో పొటాషియం పెరిగితే చెప్పాపెట్టకుండా గుండె ఆగిపోతుంది. "విశ్వాసంతో మానేశాం" అని నాలుగో రోజు అర్ధరాత్రి తీసుకొచ్చినవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో కొందరు ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

సాక్షి బ్రదర్, మీ అమ్మగారి విషయంలో నేనూ దేవునికి స్తోత్రం చెబుతున్నాను. కానీ బైబిల్లో జబ్బుపడిన హిజ్కియా రాజు సంగతి గుర్తు చేసుకోండి. ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, 15 ఏళ్ళ ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయంలో యెషయా ప్రవక్త ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన విన్న దేవుడే ముద్ద కూడా వేయించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అతన్ని "ప్రియమైన వైద్యుడు" అనే పిలిచారు.

నేను పనిచేసే ఊళ్ళో ఈ కథ తెలియనివాళ్ళు ఉండరు. అమెరికా మిషనరీ డాక్టరు కూతురు ఐడా స్కడర్‌కు యవ్వనంలో మిషనరీ పని అంటే ఇష్టం లేదు. ఒక్క రాత్రిలో ముగ్గురు మగవాళ్ళు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రి వస్తానన్నా, మగవాడు చూడకూడదని వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె అమెరికా వెళ్ళి 1899లో డాక్టరై, 1900లో వేలూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టారు. ఈరోజు మన చిత్తూరు జిల్లా సగం మంది జబ్బు ముదిరితే ఎక్కేది ఆ వేలూరు బస్సే. ఆ తల్లుల కోసం ఆ రాత్రి ఎవరో ప్రార్థించే ఉంటారు కదా. మిషన్ల మీద ఆధారపడటం అవిశ్వాసం అని నాతో అనొద్దు బ్రదర్.

అక్కా, నీళ్ళ గురించి సాయంత్రం రాస్తాను. మీరు అరిచినందుకు సిగ్గుపడకండి. ఆ అర గ్లాసు ఆపింది కూడా ప్రేమే.

---

బెంగళూరా_తోట
జూలై 8, మధ్యాహ్నం 1:15

చెల్లెమ్మా, నేను చదువుకున్నోణ్ణి కాదు. బంగారుపాళ్యం దగ్గర ఐదెకరాల మామిడి తోట మాది. అంతా బెంగళూరానే, మీరు తోతాపురి అంటారు. ఈ ఏడు మా జిల్లా రైతుల సంగతి పేపర్లో చూసే ఉంటావు. కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని చెప్పినారు. నేను కోసిన కాయ ట్రాక్టరులో మూడు రోజులు గేటు బయట లైన్లో ఉన్నింది. అడుగున ఉన్న కాయ మాగి, రసం కారి, ఈగలు ముసిరినాయి. రెండో లోడు కోయనే లేదు. కోత కూలీ కూడా రాదని చెట్టు కిందే రాలనిచ్చినాను.

ఆ ఆదివారం మా చర్చి అయ్యగారు బైబిల్లో హబక్కూకు పుస్తకం మూడో అధ్యాయం చదివినారు. అంజూరపు చెట్లు పూయకపోయినా, ఒలీవ చెట్లు కాపు లేకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అనే చోటు. నేను లేచి బయటికి వచ్చేసినాను. ఆ పొద్దు నాకు ఆనందం లేదు, లేదని తెలిసీ ఆమెన్ అనబుద్ధి కాలేదు.

సాయంత్రం అయ్యగారు తోటకొచ్చినారు. ఏమీ బోధించలేదు. చెప్పులు విడిచి నాతోపాటు రాలిన కాయ ఏరి కుప్ప పోసినారు. చీకటి పడేదాకా. పోయేటప్పుడు ఒక్క మాట చెప్పినారు: "హబక్కూకు మూడో అధ్యాయానికి ముందు రెండు అధ్యాయాలున్నాయి, అవి కూడా చదువు." ఇంటికి పోయి చదివినాను. ఆ పుస్తకం మొదలయ్యేదే ఎన్నాళ్ళు మొరపెట్టాలి, నువ్వెందుకు వినవు అని. అట్ల అడిగినోడే చివర్లో ఆనందిస్తాను అన్నది. ముందు అడగనిచ్చినాడు దేవుడు.

నాకు ఇంకా మూడో అధ్యాయం రాలేదు చెల్లెమ్మా. నేను మొదటి అధ్యాయంలోనే ఉండాను. కానీ పుస్తకం లోపలే ఉండాను గదా.

---

రేణిగుంట_తమ్ముడు
జూలై 8, రాత్రి 10:05

నేను చర్చికి వెళ్ళడం మానేసి నాలుగేళ్ళయింది. ఈ చర్చ ఎందుకు తెరిచానో కూడా తెలియదు.

2021 మేలో కోవిడ్‌తో మా అమ్మ పోయింది. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఆమె ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజులూ నేను బయట చెట్టు కింద కూర్చుని ప్రార్థించాను. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. సాక్షి అన్నా, మీ అమ్మకు మూడు రోజుల ఉపవాసం పనిచేస్తే, మా అమ్మకు ఆరు రోజులు ఎందుకు పనిచేయలేదు? నా విశ్వాసం మీకంటే తక్కువా? ఇది దెబ్బలాటకు అడగడం లేదు. నిజంగా అడుగుతున్నాను. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను.

అందరూ వచ్చి "దేవుని చిత్తం" అని వెళ్ళిపోయారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కా, మీకు ఓర్పు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. మీకు ఆ కూడికలో జరిగింది మాత్రం తప్పు. అది చెప్పడానికే రాశాను.

---

రిటైర్డ్_పంతులు_చిత్తూరు
జూలై 9, బుధవారం, ఉదయం 6:30

అమ్మా, బాబూ, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడవైతే ఓపిక పట్టండి. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, మాట దగ్గరే మొదలుపెడతాను.

మన తెలుగు బైబిల్లో దేవుని కోసం ఎదురుచూడటం అన్నచోట ఎక్కువగా వాడిన మాట "కనిపెట్టుట". ఇప్పటి వాడుకలో కనిపెట్టడం అంటే కొత్త వస్తువును తయారుచేయడం, లేదా దొంగను పట్టుకోవడం. పాత అర్థం వేరు. "పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అని పొలానికి వెళ్తూ మా అవ్వ పక్కింటివాళ్ళకు చెప్పేది. అంటే కన్ను పెట్టి ఉండటం. చూపు తిప్పకుండా దగ్గర ఉండటం. 130వ కీర్తనలో కావలివారు ఉదయము కొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా అని ఒకసారి కాదు, వెంటవెంటనే రెండుసార్లు ఉంటుంది. రాత్రి అంత పొడుగ్గా ఉంది కాబట్టే రెండోసారి అన్నాడని నాకు అనిపిస్తుంది.

ఓర్పు అనగానే మనకు నోరు మూసుకుని భరించడం గుర్తొస్తుంది. బైబిల్లోని యాకోబు పత్రికలో, ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు సహనం అన్న మాట పట్టుకుని చాలామంది యోబును మూగవాణ్ణి చేశారు. యోబు గ్రంథం 42 అధ్యాయాలు. మొదటి రెండింటిలోనే అతను మౌనంగా ఓర్చుకున్నది. మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజునే శపించాడు. తర్వాత అధ్యాయాలకు అధ్యాయాలు వాదించాడు, దేవుణ్ణే నిలదీశాడు. చివర్లో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడో చూడండి. యోబు మీద కాదు. "నీలో ఏదో పాపం ఉంది" అని పాఠం చెప్పిన స్నేహితుల మీద. అమ్మా, మీ ఇంటి కూడికలో ఆయన చెప్పింది ఆ స్నేహితులు చెప్పిందే. నిజానికి ఆ స్నేహితులు కూడా మొదట మంచిపనే చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్కమాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయారు.

బాబూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పి మీ అమ్మగారి మరణాన్ని చిన్నది చేయను. తన స్నేహితుడు లాజరు జబ్బుపడ్డాడని కబురు విని కూడా యేసు రెండు రోజులు ఉన్నచోటే ఉండిపోయాడు. వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. మార్త ఎదురొచ్చి, నువ్విక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు అంది. తర్వాత ఆమె సోదరి మరియ వచ్చి అదే మాట అంది. ఆ ఇంట్లో నాలుగు రోజులుగా వాళ్ళిద్దరూ ఆ మాటే అనుకుని ఉంటారు. ఆయన వాళ్ళను కోప్పడలేదు. "దేవుని చిత్తం" అనలేదు. ఏడ్చాడు. మీరు నాలుగేళ్ళుగా అడుగుతున్నది మార్త అడిగిందే. ఆమె ప్రశ్న సువార్తలో ఉండగా, మీ ప్రశ్నకు చర్చిలో చోటు లేదని నేనెలా అనుకుంటాను?

మా తాతగారి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. ఆయనకు 1930లలో క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన శానిటోరియం, అంటే క్షయ ఆసుపత్రి, ఉంది కదా, అక్కడ పదకొండు నెలలు ఉన్నారు. అప్పటికి క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ రాలేదు. వైద్యమంటే మంచిగాలి, మంచి తిండి, పడుకుని ఉండటం. మా అవ్వ నెలకోసారి వెళ్ళేది. "తాతయ్య కోసం ఏం ప్రార్థన చేసేదానివి అవ్వా" అని చిన్నప్పుడు అడిగాను. "ప్రార్థన యాడ వస్తుంది నాయనా, ఆ కొండ చూస్తా కూచునేదాన్ని" అంది. ఆమె విశ్వాసిగానే బతికింది, విశ్వాసిగానే వెళ్ళిపోయింది. అమ్మా, మీరు గోడ చూస్తూ కూర్చున్నాను అన్నారు. మోకాళ్ళ మీదే కదా కూర్చున్నారు.

---

స్తోత్రం_పాకాల
జూలై 9, ఉదయం 8:10

ప్రార్థిస్తున్నాం సిస్టర్ 🙏 ఈరోజు బుధవారం, మీరు ఆసుపత్రిలో ఉంటారు. పన్నెండింటికి మా ఇంట్లో అందరం ప్రార్థన చేస్తాం.

---

కొర్లగుంట_వదిన
జూలై 9, మధ్యాహ్నం 3:30

పంతులుగారు చెప్పినంత నాకు రాదు. పని మాట చెబుతాను.

2021 నవంబరులో తిరుపతిలో వానలు గుర్తున్నాయా? 18వ తేదీ సాయంత్రానికి మా వీధంతా చెరువైపోయింది. మంచం ఎత్తు నీళ్ళు. బియ్యం తడిసిపోయాయి, పిల్లల పుస్తకాలు తేలాయి. మా పై వాటా వాళ్ళు వేంకటేశ్వరస్వామి భక్తులు, శనివారం ఉపవాసం తప్పరు. ఆ రాత్రి మమ్మల్ని, మా అత్తను, పక్కవాళ్ళను అందరినీ పైకి పిలిచారు. ఆ ఇంటామె పులిహోర కలిపి పదిహేను మందికి పెట్టింది. మా అత్తకు బీపీ మాత్ర కావాలంటే వాళ్ళబ్బాయి మెడలోతు నీళ్ళలో వెళ్ళి తెచ్చాడు. ఆ రాత్రి నాకు పెద్ద ప్రార్థన ఏమీ రాలేదు. "ప్రభువా, ఈ చెయ్యి నీదే" అని ఆ పులిహోర విస్తరి చూసి అనుకున్నాను.

బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి రొట్టె, నీళ్ళు పెట్టి, మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ లేపి తినిపించాడు. ఎందుకు ఇలా అయ్యావని తర్వాత అడిగాడు దేవుడు. ముందు తిండి.

అమ్మా, మీరుండేది ఏ వైపో చెప్తే, డయాలసిస్ రోజుల్లో మీ ఇంటికి క్యారియర్ పంపిస్తాం. మా స్త్రీల కూడికలో ఎనిమిది మందిమి ఉన్నాం. ఆయనకు ఉప్పు తగ్గించి ఎలా వండాలో రాసి పెట్టండి. నా నంబరు 

[నిర్వాహకుడి గమనిక: ఫోన్ నంబరు తీసేశాం. నంబర్లు, చిరునామాలు దయచేసి వ్యక్తిగత సందేశంలో ఇచ్చుకోండి.]

---

నైట్‌డ్యూటీ_నర్సు
జూలై 9, సాయంత్రం 6:00

నిన్న రాస్తానన్నది. అక్కా, దాహం తగ్గాలంటే ముందు ఉప్పు తగ్గాలి. ఉప్పు తిన్నంతసేపూ దాహం ఆపడం ఎవరివల్లా కాదు. ఊరగాయ, అప్పడం, బయట కొన్న మిక్చర్ ఇంట్లో కనబడనివ్వకండి. పొద్దున్నే లీటరు బాటిల్ నింపి ఆయన చేతికే ఇవ్వండి. మీరు ఇచ్చే గ్లాసు కాకుండా ఆయన వాడుకునే బాటిల్ కావాలి. లెక్క ఆయన చేతిలో ఉంటే మీరు కాపలా పోలీసు కానక్కర్లేదు. అందులోంచే కొంచెం ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటే పావుగంట నడుస్తుంది. నిమ్మకాయ బద్ద నాకినా నోట్లో తడి వస్తుంది. కొబ్బరినీళ్ళు వద్దే వద్దు, పొటాషియం ఎక్కువ. ఏది మార్చినా మీ డాక్టరుతో ఒక మాట అనండి, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది.

---

సాక్షి_పుత్తూరు
జూలై 9, రాత్రి 9:25

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. ఆసుపత్రి పక్కన పెట్టమని చెప్పడం తప్పు. సిస్టర్, నన్ను క్షమించండి. పాపం మాట కూడా అనకుండా ఉండాల్సింది.

రేణిగుంట తమ్ముడూ, నీ ప్రశ్నకు నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ లేచినప్పుడు పక్క మంచంలో ఒకామె ఉండేది. ఆమె కొడుకు కూడా మాతోపాటే ప్రార్థించాడు. ఆమె లేవలేదు. తొమ్మిదేళ్ళుగా నేను సాక్ష్యం చెప్పిన ప్రతిచోటా ఆ పక్క మంచం సంగతి వదిలేసి చెప్పాను. ఎందుకు వదిలేశానో ఇప్పుడు తెలుస్తోంది. స్వస్థత కోసం అడగడం నేను మానను, ఎవరినీ మానమనను. కానీ ఇకమీదట సాక్ష్యం చెబితే రెండు మంచాల సంగతీ చెబుతాను.

---

బెంగళూరా_తోట
జూలై 10, గురువారం, ఉదయం 5:50

పంతులయ్యా, కావలివాడి మాట చెప్పినారే, అది నాకు బాగా తెలిసిన పని. మా పక్క ఏనుగులొస్తాయి. కాయ ఉన్నన్నాళ్ళూ తోటలో గుడిసెలో కావలి పడుకోవాల. రాత్రంతా టార్చిలైటు, డబ్బా, టపాకాయలు పక్కన పెట్టుకుని. రెండు మూడు గంటలప్పుడు ఉంటుందే, అది మహా కష్టం. కన్ను మూతపడతా ఉంటుంది, ఆకు కదిలినా గుండె ఝల్లుమంటుంది. ఆ టైంలో కావలివాడికి ధైర్యం ఉండదు, భక్తి కూడా ఉండదు. ఒకటే ఉంటుంది. తూర్పు ఎటుందో తెలిసుంటుంది. అటే చూస్తా ఉంటాడు. తెల్లార్చేది వాడు కాదు, వాడికా పని లేదు.

ఇంకోటి. రాత్రి కావలికి ఎప్పుడూ ఒకణ్ణే పంపం. ఇద్దరు పోతారు. ఒకడు పడుకుంటే ఒకడు మేలుకుంటాడు. చెల్లెమ్మా, నీకు ప్రార్థన రాని రోజుల్లో మేం మేలుకుంటాం. నువ్వు పడుకో.

---

రేణిగుంట_తమ్ముడు
జూలై 10, రాత్రి 11:15

సాక్షి అన్నా, ఆ పక్క మంచం సంగతి చెప్పినందుకు థ్యాంక్స్. నాలుగేళ్ళలో నాకు ఎవరూ ఇంత నిజం చెప్పలేదు.

పంతులుగారూ, యోహాను 11 చదివాను. అమ్మ బైబిల్లోనే. ఆ పేజీలో ఆమె పెన్సిలుతో గీత గీసుకుంది, "యేసు కన్నీళ్ళు విడిచెను" కింద. ఎప్పుడు గీసిందో తెలియదు. ఇంకేం రాయలేను ఈరోజు.

---

కుట్టుమిషన్_తిరుపతి
జూలై 11, శుక్రవారం, రాత్రి 10:50

నాలుగు రోజులుగా అన్నీ చదువుతున్నాను, ఒక్కొక్కటీ రెండు మూడుసార్లు. జవాబు రాయడానికి ఈరోజుకు కుదిరింది.

సాక్షి అన్నా, క్షమించేంత పెద్ద మాటలు వద్దు. మీరు మళ్ళీ వచ్చి రాశారు, చాలు. నర్సు చెల్లీ, బాటిల్ ఆయన చేతికిచ్చాను. పాప దాని మీద స్కెచ్‌తో గీతలు గీసింది, పది గీతలు. ఈరోజు మిషన్ మీద ఎక్కేముందు బరువు చూస్తే బుధవారం కంటే ముప్పావు కిలో తక్కువే పెరిగారు. అక్కడి సిస్టర్ "ఏం చేశారన్నా" అని అడిగితే ఆయన బాటిల్ ఎత్తి చూపించారు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో గర్వం చూశాను. మొన్న అరిచినందుకు క్షమించమని అడిగాను. "నువ్వు అరవకపోతే నేను తాగేసేవాణ్ణి" అన్నారు.

పంతులుగారూ, కనిపెట్టడం గురించి మీరు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా ఆయన ఎడమచేతికి డయాలసిస్ కోసం ఫిస్టులా చేశారు. రక్తనాళాలు రెండూ కలిపి కుట్టిన చోట చెయ్యి పెడితే లోపల సర్రుమని అదురుతూ ఉంటుంది, పిల్లి గొంతులో గుర్రుమన్నట్టు. అది రోజూ చూసుకోమని చెప్పారు. ఆ అదురు ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆయన ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. నేను రాత్రి రెండింటికి ఒకసారి, మళ్ళీ నాలుగున్నరకు ఒకసారి లేచి చూస్తాను. లైటు వేయను, ఆయన లేస్తారు. చీకట్లో తడుముకుని రెండు వేళ్ళు పెడతాను. అదురు తగులుతుంది. అప్పుడు మళ్ళీ పడుకుంటాను. పద్నాలుగు నెలలుగా ఒక్కరాత్రి తప్పలేదు.

ప్రార్థన రావడం లేదని ఏడ్చాను కదా. నిన్న రాత్రి వేళ్ళు పెట్టినప్పుడు నోట్లోంచి "ప్రభువా" అని వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు. కానీ ఆలోచిస్తే, ప్రతిరాత్రీ వేళ్ళకు అదురు తగిలినప్పుడు ఊపిరి వదులుతూ ఆ మాట అంటూనే ఉన్నానేమో అనిపించింది. ప్రార్థన లెక్కలో వేసుకోలేదు, అంతే.

తోట అన్నా, మీ అయ్యగారికి నా వందనాలు చెప్పండి. ఆ రెండో లోడు సంగతి తలచుకుంటే మనసు కలుక్కుమంది. మా పిల్లలు రాత్రి ప్రార్థనలో "ఏనుగుల మామయ్య తోట" అని చెబుతున్నారు.

కూడికలో ఆ మాటన్నాయన నిన్న వీధిలో ఎదురయ్యారు. వందనాలు చెప్పాను. లోపల ఇంకా మంటగానే ఉంది, లేదని చెప్పను.

కొర్లగుంట వదినా, క్యారియర్ అందింది. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది, అంటే లేదు. ఆయన అంతా తిన్నారు.

---

రేణిగుంట_తమ్ముడు
జూలై 12, శనివారం, ఉదయం 9:40

అక్కా, నాది ఇక్కడ ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. వచ్చే వారం బుధవారం ఆఫ్. నాకు ప్రార్థన చేయడం ఇంకా రాదు, చేస్తానని మాటివ్వలేను. ఊరికే వచ్చి అన్న పక్కన నాలుగు గంటలు కూర్చోవచ్చా? ఆ టైంలో మీరు ఇంటికెళ్ళి కుట్టు పని చూసుకోవచ్చు, లేకపోతే పడుకోవచ్చు.

---

కుట్టుమిషన్_తిరుపతి
జూలై 12, ఉదయం 10:15

రా తమ్ముడూ. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కిస్తారు. ఎక్కడో వివరాలు మెసేజ్‌లో పెడతాను. మొదటి గంట ఆయన మాట్లాడరు, రెండో గంట నుంచి బాగుంటారు. ఆటోల గురించి అడుగు, ఇంజను శబ్దం విని ఏ బండో చెప్పేవారు. ఏసీ చల్లగా ఉంటుంది, ఆయనకు దుప్పటి కాళ్ళ మీదికి లాగాలి, ఎడమచెయ్యి మాత్రం కదలనివ్వొద్దు. అమ్మ బైబిలు తెచ్చుకోవాలనిపిస్తే తెచ్చుకో.